వాకిలి ఉన్న ఇల్లు

(దేవస్థానం మాస సత్సంగములో చేసిన ప్రసంగ పాఠము)



నేటి సత్సంగానికి నాకు ఇచ్చిన అంశం "నూతన గృహానికి స్వాగత వనం". ఈ అంశాన్ని ఎంచిన వారి ఉద్దేశం నాకు అర్థమయింది. కొత్తగా ఇల్లు కట్టుకొన్న దంపతులు తాళంచెవులు తెచ్చి స్వామి పాదాల చెంత ఉంచి, అర్చన చేయించుకొని వెళ్లడం మనం ఇక్కడ తరచు చూస్తూ ఉంటాము. వారు అర్చకస్వామిని ముహూర్తం అడుగుతారు. సింహద్వారం ఏ దిక్కున ఉండాలో, పూజగది ఏ మూలన ఉండాలో అడుగుతారు. ఇంటి ముందు మిగిలే నాలుగు గజాల నేలను ఏమి చేయాలని అడిగేవారు మాత్రం అరుదు. నేను కూడా అడగలేదు. అడగనందువల్ల నేను చేసిన తప్పిదాన్ని, దానిని దిద్దుకొన్న తీరును మీ ముందు నివేదించడానికే ఈ ప్రసంగానికి అంగీకరించాను.

నేను ఉద్యానశాస్త్రం చదివినవాణ్ణి కాను. ముప్పై రెండేళ్లు పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి పొందిన ఉపాధ్యాయుణ్ణి. మా ఇల్లు హైదరాబాదు పాతబస్తీలో, చార్మినారుకు దక్షిణాన ఉన్న మొఘల్‌పురాలో ఒక సన్నని సందులో ఉన్నది. మా తాతగారి నాటి పెంకుటిల్లు అది. ఇరవై ఏడు అడుగుల ముఖం, అరవై అడుగుల లోతు, మొత్తం నూట ఎనభై గజాల జాగా. ముందు మట్టి వాకిలి, వాకిలి మూలన ఒక వేపచెట్టు, గుమ్మానికి అటూ ఇటూ అరుగులు ఉండేవి. పదవీ విరమణ చేసిన ఏడాది ఆ ఇల్లు విప్పి, కొత్త ఇల్లు కట్టాను. వెనుక నూట యాభై గజాల్లో ఇల్లు లేచింది. ముందు పది అడుగుల వెడల్పున ముప్పై గజాల నేల మిగిలింది.

ఆ ముప్పై గజాల్లో వేపచెట్టు ఉన్నది. దాని ఆకులు మురుగు కాలువలో పడతాయని, కారు పెట్టుకోవడానికి అడ్డమని, వేళ్లు పునాదిలోకి వస్తాయని నలుగురూ చెప్పారు. చెట్టు కొట్టాలంటే అనుమతి తీసుకోవాలని 2002 నాటి వాల్టా చట్టం చెబుతున్నది. నేను నియమం తప్పలేదు. దరఖాస్తు పెట్టి, అనుమతి వచ్చాకనే కొట్టించాను. వేరుతో సహా పెకలించి, నేలంతా చదును చేయించి, అద్దంలా మెరిసే గ్రానైటు పరిపించాను. ప్రహరీని ఏడడుగులు లేపి, ఇనుప గేటు పెట్టించాను. అరుగులకు చోటే లేకపోయింది. మా ఇంట్లో కారు లేదు. ఎప్పటికైనా కొంటామేమో అన్న ఊహతో చేసిన ఏర్పాటు అది.

మాఘమాసంలో గృహప్రవేశం జరిగింది. వచ్చినవారందరూ మెచ్చుకొన్నారు. మా అమ్మ మాత్రం మరునాడు తెల్లవారుజామున లేచి, గ్రానైటు మీద కళ్లాపి చల్లబోయి ఆగింది. ముగ్గు వేస్తే నిలువలేదు. గాలికి పిండి జారిపోయింది. ఆమె ఏమీ అనకుండా లోపలికి వచ్చేసింది.

ఆషాఢం వచ్చింది. భాగ్యనగరంలో బోనాలు గోలకొండలో మొదలై, సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి సన్నిధికి చేరి, ఆ తరువాత పాతబస్తీకి వస్తాయి. లాల్‌దర్వాజ సింహవాహినికి, హరిబౌలి అక్కన్న మాదన్న ఆలయంలోని అమ్మవారికి మా చుట్టుపక్కల ఇళ్ల నుంచి బోనాలు బయలుదేరుతాయి. బోనపు కుండకు పసుపు కుంకుమలతో పాటు వేపమండలు కట్టాలి కదా! మా సందులో పది పన్నెండు ఇళ్లకు ఆ మండలు మా చెట్టువే. అడిగి కోసుకొనే ఆచారం కూడా లేదు. పొద్దున్నే వచ్చి, అమ్మతో నాలుగు మాటలు మాట్లాడి, కోసుకొని వెళ్లేవారు.

ఆ ఆదివారం ఉదయం గేటు చప్పుడైంది. వెళ్లి తీశాను. ముగ్గురు స్త్రీలు నిలబడి ఉన్నారు. "మండలకొచ్చినం అన్నా" అన్నది ఒకామె. అంతలోనే ఆమె చూపు నా భుజం మీదుగా చెట్టు ఉండవలసిన మూలకు వెళ్లింది. నేను ఏదో చెప్పబోయాను. "పర్వాలేదన్నా, బజార్ల కొంటం" అని వారు తిరిగి వెళ్లిపోయారు. కోపం లేదు, నిష్ఠూరం లేదు. వారు లోపలికి అడుగు పెట్టలేదు, అంతే.

నేను వెనుదిరిగేసరికి అమ్మ గుమ్మంలో ఉన్నది. "ఇల్లు మంచిగనే కట్టినవ్ బిడ్డా. తలుపు పెట్టినవ్. వాకిలే పెట్టలే" అన్నది.

చట్టం ఇచ్చిన అనుమతి పత్రం నా బీరువాలో భద్రంగా ఉన్నది. ఆ ముగ్గురి నుంచి, మా అమ్మ నుంచి నేను ఏ అనుమతీ తీసుకోలేదన్న సంగతి ఆ రోజు తెలిసింది.

భక్తులారా, వాకిలి అనే మాటను మనం ద్వారానికి కూడా వాడతాము, ద్వారం ముందున్న నేలకు కూడా వాడతాము. ఆ రెంటినీ ఒకే పేరుతో పిలవడంలో పెద్దల ఆంతర్యం ఉన్నదని నేను నమ్ముతాను. తలుపు మూస్తే ఇల్లు మనది. దాని ముందున్న నేల మీద ఇతరులకు కూడా కొంత హక్కు ఉన్నది. తైత్తిరీయోపనిషత్తు అతిథిని దైవంగా భావించమన్నది. గృహస్థుడు నిత్యం ఆచరించవలసిన పంచ మహాయజ్ఞాలలో దేవతలకు, పితరులకు, ఋషులకు చేసే యజ్ఞాలతో పాటు మనుష్య యజ్ఞం, భూత యజ్ఞం కూడా ఉన్నాయి. వచ్చిన మనిషికి ఆదరణ, పక్షికి, చీమకు, ఆవుకు ఇంత ఆహారం అన్నమాట. దేవ యజ్ఞం పూజగదిలో జరుగుతుంది. ఈ చివరి రెండింటికీ స్థానం వాకిలి. దానిని రాయితో కప్పివేస్తే ఆ రెండు యజ్ఞాలకూ వేదిక లేనట్లే.

మన నగరం పుట్టుక కూడా తోటలతో ముడిపడినదే. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా ఈ నగరాన్ని నిర్మించినప్పుడు దానిని వనాలతో, నీటి కాలువలతో తీర్చిదిద్దారు. బాగ్ అంటే తోట. బషీర్‌బాగ్, జాంబాగ్, సీతారాంబాగ్, బాగ్‌లింగంపల్లి అని నేటికీ మనం పేటలను పిలుచుకొంటున్నాము. బౌలి అంటే దిగుడుబావి. మా పక్కనే హరిబౌలి, ఇంకొంచెం అవతల దూద్‌బౌలి ఉన్నాయి. తోటలు, బావులు పేర్లలో మిగిలాయి. నేల మీద చాలావరకు ఇళ్లు వెలిశాయి. ఇందులో ఎవరినీ తప్పు పట్టలేము. జనం పెరిగారు, తల దాచుకోవాలి. అయితే ఒక్కొక్క ఇల్లు తన ముందున్న పది అడుగులను మూసివేసినప్పుడు మొత్తం పేట ఏమవుతుందో ఆలోచించవలసిన బాధ్యత ఉన్నది.

ఒక చెట్టు ఏమి చేయగలదో ఈ నగరం కళ్లారా చూసింది. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి వేలమందిని పొట్టన పెట్టుకొన్నది. అఫ్జల్‌గంజ్ వద్ద, నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు కొమ్మలను పట్టుకొని ఆనాడు నూట యాభై మంది ప్రాణాలు దక్కించుకొన్నారు. ఆ చెట్టును నాటినవారు వరదను ఊహించి నాటి ఉండరు. ఆ నూట యాభై మందీ ఎవరో ఏమిటో వారికి తెలియదు. ఆ వరద తరువాతే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వెలిశాయి.

ఇక నేను చేసిన పనికి వస్తాను. క్రమంగా చెబుతాను, కొత్త ఇల్లు కట్టుకొంటున్నవారికి పనికి రావచ్చు.

శ్రావణంలోనే గ్రానైటు పలకలను తీయించాను. ఆ తొందరలో మొదటి పొరపాటు జరిగింది. పలకల కింద ఉన్నది మట్టి అనుకొని, మందారాలు, మల్లె అంట్లు తెచ్చి నాటాను. కార్తికం నాటికి ఆకులు పసుపు పచ్చబడ్డాయి. ఈనెలు మాత్రం ఆకుపచ్చగా, మిగిలినదంతా పాలిపోయి ఉండేది. ఎరువు వేశాను, నీరు పోశాను, ఫలితం లేదు. అప్పుడు ఒక వృద్ధుడైన తోటమాలిని పిలిపించాను. ఆయన గునపంతో రెండు పోట్లు పొడిచి, పిడికెడు తీసి చూపించాడు. "సార్, ఇది మట్టి కాదు, మలబా" అన్నాడు.

నిజమే. పాత గోడల సున్నం, కొత్త ఇంటి సిమెంటు, ఇటుక ముక్కలు అన్నీ అక్కడే కలిసిపోయి ఉన్నాయి. సున్నం, సిమెంటు కలిసిన నేలలో క్షారగుణం పెరుగుతుంది. అటువంటి నేలలో ఇనుము ఉన్నా మొక్కకు అందదు. ఆకులు పాలిపోవడానికి అదే కారణం. కొత్త ఇంటి ముందు తోట వేయదలచిన ప్రతివారూ మొదట చేయవలసిన పని ఇదే. మొక్కల కోసం వెళ్లేముందు మట్టిని తవ్వి చూడండి. వీలైతే ఇల్లు కట్టే సమయంలోనే ముందు భాగంలో సిమెంటు కలపవద్దని మేస్త్రీకి చెప్పండి.

ఫాల్గుణంలో ఒకటిన్నర అడుగు లోతున ఆ మలబానంతా తీయించాను. ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు కలిపి నింపాలని మాలి చెప్పాడు. మూడు ట్రాక్టర్ల మట్టి తెప్పించాము. మా సందులోకి ట్రాక్టరు రాదు. వీధి మొదట కుమ్మరించి వెళ్లారు. అక్కడి నుంచి గంపలతో మోయాలి. కూలీలు ఇద్దరే దొరికారు. నేను కూడా గంప ఎత్తాను. మా సందు పిల్లలు ఆరేడుగురు, హిందువుల పిల్లలూ ముస్లిముల పిల్లలూ, ఆట మాని వచ్చి "మేం కూడా మోస్తాం సార్" అన్నారు. వారి బట్టలు మాసిపోతాయని, వారి తల్లులు ఏమైనా అంటారని వద్దనబోయాను.

ఆ క్షణాన అనంతాళ్వారు గుర్తుకు వచ్చారు. తిరుమల యాత్ర చేసిన మీ అందరికీ ఆయన కథ తెలుసు. రామానుజాచార్యుల ఆజ్ఞ మేరకు తిరుమల కొండపై నివసించి, స్వామికి పూలతోట పెంచిన మహాభక్తుడు ఆయన. తోటకు నీటి కోసం చెరువు తవ్వుతుండగా, గర్భవతి అయిన భార్య మట్టి మోసేది. ఒక బాలుడు వచ్చి తట్ట అందుకొంటానన్నాడు. ఆళ్వారు ఒప్పుకోలేదు. గురుసేవలో పాలు పంచుకోవడానికి ఆయన మనసు అంగీకరించలేదు. అయినా బాలుడు ఆ తల్లికి సాయం చేస్తుంటే, కోపంతో గునపం విసిరారు. అది బాలుని గడ్డానికి తగిలింది. తరువాత ఆలయానికి వెళ్లి చూస్తే, స్వామి గడ్డం నుంచి రక్తం కారుతున్నది. నేటికీ శ్రీవారి గడ్డానికి పచ్చకర్పూరం అలంకరించడానికి ఇదే మూలమని ఐతిహ్యం. ఆ గునపాన్ని మహాద్వారం వద్ద గోడకు వేలాడదీసి ఉంచారు. ఈసారి వెళ్లినప్పుడు తల ఎత్తి చూడండి.

అంతటి భక్తుని తోటలో కూడా "ఇది నా సేవ" అన్న చిన్న పట్టుదల స్వామిని గాయపరచింది. ఇక "ఇది నా జాగా" అని గ్రానైటు పరచిన నాబోటి వాని సంగతి చెప్పాలా? పిల్లలకు చిన్న గంపలు తెప్పించి ఇచ్చాను. రెండు సాయంత్రాలలో మట్టి అంతా లోపలికి చేరింది. ఆ రోజు నుంచి ఆ పిల్లలు ఆ తోట మీద ఎవరినీ రాయి వేయనివ్వలేదు.

తరువాత నీటి సంగతి. మన నగరంలో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. నూట యాభై గజాల కప్పు అంటే 125 చదరపు మీటర్లు. ఒక మిల్లీమీటరు వానకు 125 లీటర్ల నీరు వస్తుంది. ఆ లెక్కన ఏడాదికి దాదాపు లక్ష లీటర్లు. అందులో కొంత ఆవిరవుతుంది, కొంత వృథా అవుతుంది. అయినా మిగిలేది తక్కువ కాదు. ఇన్నాళ్లూ ఆ నీరంతా మా కప్పు మీది నుంచి గొట్టం ద్వారా సందులోకి దూకి, ఎదురింటి వారి గడప తడిపేది. ఇప్పుడు ఇంటి గోడకు వీలైనంత దూరంగా, ప్రహరీ పక్కన ఇంకుడు గుంత తవ్వించాము. అడుగున పెద్ద రాళ్లు, వాటిపైన కంకర, ఆ పైన దొడ్డు ఇసుక వేసి, కప్పు మీది గొట్టాన్ని అందులోకి కలిపాము. మొదటి వాన నీటిలో దుమ్ము, పక్షుల రెట్టలు ఉంటాయి కనుక దానిని పక్కకు వదిలేసే ఏర్పాటు ఉండాలి. నేల వాలు ఇంటి నుంచి బయటికి ఉండాలి. లేకుంటే పునాది తడుస్తుంది.

వేసవిలో నీటి ఎద్దడికి మాలి ఒక పాత ఉపాయం చెప్పాడు. కాల్చిన మట్టికుండను మెడ దాకా మొక్కల మధ్య పాతి, నీరు నింపి, మూత పెట్టాలి. కుండ గోడల నుంచి నీరు మెల్లమెల్లగా చెమ్మగిల్లి వేళ్లకు అందుతుంది. రెండు మూడు రోజులకు ఒకసారి నింపితే చాలు. మూత తప్పనిసరి, లేకుంటే దోమలు చేరతాయి.

నడిచే దారికి గ్రానైటు బదులు గరుకు షాబాద్ బండలు వేయించాము. వాన పడినా కాలు జారదు. బండల మధ్య రెండేసి అంగుళాల సందు విడిచిపెట్టడం వల్ల నీరు కిందికి ఇంకుతుంది. దారి వెడల్పు నాలుగు అడుగులు. పసుపు కుంకుమల పళ్లెం పట్టుకొన్న ముత్తయిదువ, ఆమె పక్కన చిన్నపిల్ల కలిసి నడవడానికి అది సరిపోతుంది. గుమ్మం ఎత్తు ఆరు అంగుళాలు. మెట్టుకు బదులు ఆరడుగుల పొడవున వాలు పెట్టాము. అంగుళం ఎత్తుకు అడుగు పొడవన్న లెక్క. మోకాళ్ల నొప్పులున్నవారు, చక్రాల కుర్చీలో వచ్చేవారు ఇతరుల చేయి పట్టుకోకుండా రావడానికి ఆ వాలే ఆహ్వాన పత్రిక. గుమ్మం ముందు నాలుగు అడుగుల మేర ఏ బండా వేయకుండా మట్టినే విడిచిపెట్టాము. అది అమ్మ ముగ్గు కోసం.

ఏడడుగుల ప్రహరీని మూడడుగులకు దించాము. ఆ మిగిలిన ఎత్తుకు గోరింట కంచె పెంచాము. గోరింట కొమ్మ నాటితే బతుకుతుంది, ఎండకు ఓర్చుకొంటుంది, కత్తిరించినకొద్దీ గుబురుగా వస్తుంది. ఈ గుణాలన్నిటి కంటే నాకు నచ్చినది మరొకటి. ఆషాఢంలో మన ఆడపిల్లలకు గోరింటాకు కావాలి. రంజాను పండుగ ముందు రాత్రి ఎదురింటి ఆడపిల్లలకు మెహందీ కావాలి. మొక్క ఒక్కటే. పాతబస్తీ సందులో ఇంతకంటే తగిన కంచె ఉంటుందా?

తూర్పున తులసి కోట కట్టాము. దారికి ఒకవైపు నందివర్ధనం, మందారం ఉన్నాయి. మరొకవైపు పారిజాతం, దాని కింద మల్లె, చేమంతి మళ్లు ఉన్నాయి. గేటు మీద సన్నజాజి తీగ, పెరటి గోడకు దగ్గరగా కరివేపాకు పెట్టాము. వేసవిలో మల్లె, వానలు వెనుకపట్టేటప్పుడు పారిజాతం, చలిలో చేమంతి, ఏడాది పొడవునా నందివర్ధనం పూస్తాయి. ఏ నెలలో ఎవరు వచ్చినా దోసెడు పూలు లేవనే మాట ఉండకూడదన్నది నియమం. పారిజాతాలు తెల్లవారేసరికి నేల రాలుతాయి. నేల రాలిన పూలను పూజకు గ్రహించడం ఆ ఒక్క పువ్వుకే చెల్లింది. అందువల్ల ఆ చెట్టు కింద బండ వేయలేదు. పేడతో అలికిన శుభ్రమైన నేల ఉంచాము. పచ్చ గన్నేరు పూజకు శ్రేష్ఠమైనా, దానిలోని విషం పసిపిల్లలకు ప్రాణాంతకం. పిల్లలు తిరిగే వాకిట్లో దానిని పెట్టలేదు. మీరు కూడా పెట్టవద్దు.

పూల విషయంలో అమ్మ ఒక కట్టుబాటు చేసింది. "గేటు దిక్కు కొమ్మల పూలు సందువి. లోపటి కొమ్మలవి మన దేవునివి. తక్కువ పడితే దేవుడు ఏమనడు" అన్నది. నేటికీ అదే కట్టుబాటు.

ఇక అరుగు. గేటు బయట, మన హద్దులోనే, అడుగున్నర ఎత్తున, ఐదడుగుల పొడవున ఒక అరుగు కట్టించాము. సన్నజాజి నీడ దాని మీద పడుతుంది. పక్కన చలివేంద్రం కుండ, గోడ మీద పక్షులకు నీటి మూకుడు పెట్టాము. మూకుడులో నీరు రోజూ మార్చాలి. అరుగు బయట పెడితే ఎవరెవరో వచ్చి కూర్చుంటారని కొందరు హెచ్చరించారు. నిజంగానే వచ్చి కూర్చున్నారు. కూరగాయల బండి వాడు మధ్యాహ్నం పది నిమిషాలు కూర్చుంటాడు. బడి నుంచి వచ్చే పిల్లలు బూట్ల తాళ్లు కట్టుకొంటారు. చలికాలం ఎండపొడకు అమ్మ అక్కడే కూర్చొనేది. ఎదురింటి వృద్ధురాలు, మేము ఖాలా అని పిలిచే ఆమె, వచ్చి పక్కన కూర్చొనేది. ఇద్దరికీ ఎనభై దాటాయి. అమ్మకు ఉర్దూ అంతంత మాత్రం, ఖాలాకు తెలుగు అంతంత మాత్రం. గంటల కొద్దీ ఏమి మాట్లాడుకొనేవారో మాకు నేటికీ తెలియదు.

తోట వేసిన ఏడాది ఆషాఢంలో, ఒక ఉదయం ఖాలా తన మనుమడి చేత ఒక పాత నూనె డబ్బా మోయించుకొని వచ్చింది. అందులో రెండడుగుల వేప మొక్క ఉన్నది. మా పాత చెట్టు పండ్లు గాలికి, పక్షులకు ఆమె సెహన్‌లో పడేవట. చెట్టు కొట్టించిన ముందటి ఏడాది అలా పడిన ఒక గింజ మొలిచిందట. పీకి పారేయబోయి, మనసు రాక డబ్బాలో పెట్టిందట. "ఝాడ్ తుమారాచ్ హై బేటా" అన్నది. చెట్టు మీదే నాయనా, అని.

రెండేళ్లు ఆమె ఆ మొక్కకు నీరు పోసింది. నేను చెట్టు కొట్టించిన రోజున కూడా పోసి ఉంటుంది. ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు. నా వాకిట్లో మట్టి వచ్చేదాకా ఆగి తెచ్చింది.

ఇంటి గోడకు దూరంగా, ప్రహరీ మూలన లోతైన గుంత తీసి దానిని నాటాము. మొదటి చెంబు నీళ్లు అమ్మ పోసింది, రెండవది ఖాలా పోసింది. వేళ్ల భయం మాటేమిటని మాలిని అడిగాను. ఏటా కొమ్మలు కోస్తూ ఉంటే చెట్టు పొట్టిగా, గుబురుగా ఉంటుందని, వేపకు కొమ్మ కోత కొత్త కాదని చెప్పాడు. నాకు నవ్వు వచ్చింది. ఏటా ఆషాఢంలో సందులోని ఆడపడుచులు చేసే పని అదే కదా! వారిని రానిస్తే చాలు, చెట్టు ఇంటికి బరువు కాదు.

మరుసటి మాఘంలో అమ్మ పరమపదించింది. ఆ చెట్టు మండలు బోనానికి ఎక్కడం ఆమె చూడలేదు. మూడవ ఏడు ఆషాఢంలో, పాతబస్తీ బోనాల ఆదివారం ఉదయం, గేటు చప్పుడు కాలేదు. గేటు తెరిచే ఉన్నది. నేను పూజ ముగించి బయటికి వచ్చేసరికి, ఆనాటి ముగ్గురిలో ఒకామె తన కూతురితో మూలన నిలబడి మండలు కోస్తున్నది. నన్ను చూసి, "తీసుకుంటున్నం అన్నా" అన్నది. అడగలేదు, చెప్పింది. మా ఇంటికి నిజమైన గృహప్రవేశం ఆ రోజు జరిగిందని నేను భావిస్తాను.

మహాజనులారా, ఇక్కడ ఉన్నవారిలో అందరికీ సొంత జాగా ఉండకపోవచ్చు. అపార్టుమెంటులో ఉన్నవారు తలుపు పక్కన ఒక తులసి కుండీ, ఒక చిన్న పీట ఉంచండి. మెట్లెక్కి వచ్చిన వృద్ధునికి ఆ పీటే అరుగు. కొత్తగా ఇల్లు కడుతున్నవారు ప్లాను గీయించే రోజే, ముందు నేలలో కనీసం సగాన్ని రాయికి ఇవ్వకుండా ఉంచండి. పాత చెట్టు ఉంటే, దానిని కొట్టే ముందు చట్టాన్ని అడగండి, ఇంట్లో పెద్దలను అడగండి, ఆ చెట్టు నీడలో నడిచేవారిని కూడా అడగండి. మొక్కలు నాటడానికి మృగశిర కార్తె దాటి వానలు నిలదొక్కుకొన్నాక మంచి సమయం. మట్టిని మాత్రం వేసవిలోనే సిద్ధం చేసుకోండి.

దాతలకు ఒక్క విన్నపం. ఆలయానికి పాలరాయి, గోపురానికి రంగు, హుండీకి కానుక ఇస్తున్నారు. అవి అన్నీ స్వామికి ప్రీతికరమే. ఈ ప్రాంగణంలో యాత్రికులు ఎండలో చెప్పులు లేకుండా నడుస్తున్న దారి పక్కన ఒక నీడనిచ్చే చెట్టుకు, దాని చుట్టూ కూర్చొనే ఒక తిన్నెకు కూడా దానం చేయవచ్చు. దాని మీద దాత పేరు చెక్కించనవసరం లేదు. కూర్చున్నవారు చల్లగా ఉండమని దీవిస్తారు.

మీ మీ ఇళ్ల వాకిళ్లు పచ్చగా ఉండాలని, ఆ వాకిలికి వచ్చినవారు నిండు మనసుతో వెళ్లాలని స్వామిని ప్రార్థిస్తున్నాను.

స్వస్తి.